గోవర్ధన్ కడిగిన రాతి చేప

పెళ్ళైన పందొమ్మిదేళ్ళలో మా ఆయన మా ఇంటికి తెచ్చిన చేపలు ఎంత తక్కువ లెక్కేసినా తొమ్మిది వందలుంటాయి. కడిగినది ఒక్కటీ లేదు.

ఆదివారం పొద్దున్నే మొయినాబాద్ వెళ్ళి, బొచ్చెనో రవ్వనో ఇంకా తోక కొట్టుకుంటున్నదాన్ని ఏరి తెస్తారు. సంచి వంటింటి గట్టు మీద పెట్టి, యుద్ధం గెలిచి వచ్చినట్టు అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుంటారు. ఆ తర్వాత మిగిలేది బూడిద, కళ్ళుప్పు, కత్తిపీట, నేను. గంటసేపు పొలుసు గీకితే అది నా జుట్టులో దొరుకుతుంది, గోళ్ళలో దొరుకుతుంది, బుధవారం నాడు గోడ గడియారం అద్దం మీద కూడా దొరుకుతుంది. నేను గొణుగుతాను. ఆయన పేపరు తిప్పుతారు. మా ఇంట్లో ఆదివారం అంటే అది.

మా ఆయన పేరు గోవర్ధన్. ఊరు పెట్టిన పేరు గజాల గోవర్ధన్. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేచాక, ఆ మేడల్లో పనిచేసేవాళ్ళకు గాలి కావలసి వచ్చింది. గాలి మా వైపు ఉంది. రోడ్డు పక్కన మాకున్న రెండెకరాలు జన్వాడలో ఫామ్‌హౌసు ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఆయన బావమరిది కొనుక్కున్నాడు. దానితో మా ఆయనకు ఎద్దులు పోయాయి, దుక్కి పోయింది, ప్రపంచాన్ని గజాల్లో కొలవడం ఒక్కటే మిగిలింది. పెళ్ళి పందిరి చూసి నూట ఎనభై గజాలంటారు. చెరువు చూసినా అంతే. న్యాయంగా గజాల్లో కొలవదగింది నా చీర ఒక్కటే. దాన్ని మాత్రం ఎన్నడూ పట్టించుకున్నది లేదు.

మిగిలిన పొలం ముడిమ్యాలలో ఉంది. ఆ ఎండాకాలం అక్కడి బావిని ఇంకొంచెం లోతు తవ్వించాం. నల్లరాయి కింద తెల్లటి సున్నపురాయి పొర వచ్చింది. అందులో ఒక పలక పగిలితే, దాని మీద చేప తోక కనబడింది. అచ్చం తోకే, దువ్వెన పళ్ళలాంటి ఈనెలతో సహా. మిగతా ఒళ్ళంతా రాయి లోపలే దాగి ఉంది. మా పొలం చూసుకునే యాదగిరి ఆ పలకను గోనెసంచిలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు.

మా అత్తమ్మ ఎంకమ్మ ముందుగా వాసన చూసింది. తాజాదే అని తీర్పు చెప్పింది.

హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి ప్రవళిక వాళ్ళ కాలేజీలో ఎవరికో చెప్పింది, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు, వారం తిరిగేసరికి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ గారు జీపులో దిగారు. ఆయన బావి దగ్గర దిగగానే ఊరు ఆయనకు బండల సార్ అని పేరు పెట్టేసింది. ఆయన భూతద్దంతో తోకను చాలాసేపు చూసి, నల్లరాయి ఒకనాడు నిప్పుల వరదగా పారిన రాయి అనీ, రెండు వరదల మధ్య ఇక్కడ ఒక చెరువు ఉండేదనీ, ఆ చెరువు చేపే ఇదనీ చెప్పారు. వయసు ఆరు కోట్ల ఏళ్ళ పైన ఉంటుందన్నారు.

“గంత ముదురుదాన్ని ఎన్ని విజిల్స్ పెట్టాలె?” అని అత్తమ్మ నన్ను అడిగింది.

మా ఆయనకు ఆరు కోట్లు అన్నది మాత్రమే వినబడినట్టుంది, కళ్ళు పెద్దవయ్యాయి. ఏళ్ళు అని బండల సార్ మళ్ళీ చెప్పారు. అయినా ఆ కళ్ళు పూర్తిగా చిన్నవి కాలేదు. ఎందుకంటే సార్ ఇంకో మాట అన్నారు. మ్యూజియంలో చేప పక్కన ఒక కార్డు పెడతారట. ఏ ఊళ్ళో దొరికింది, రాయి నుంచి దాన్ని ఎవరు శుభ్రం చేసి బయటికి తీశారు అని అందులో రాస్తారట. వాళ్ళ దగ్గర ఆ పని చేసేవాళ్ళు ఇద్దరేనట, రెండేళ్ళకు సరిపడా రాళ్ళు ఇప్పటికే వరుసలో ఉన్నాయట. డిపార్ట్‌మెంట్ కాగితాలు తెచ్చుకుని ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నారు.

ఆ పని ఎట్లా చేస్తారని నేను అడిగాను. రాయి గట్టిది, చేప పెళుసు, కాబట్టి సుత్తి తగలనివ్వకూడదన్నారు. సూదితో రవ్వరవ్వ తీయాలి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి, పగులు కనబడితే పలచటి జిగురు చుక్క వేసి ఆరేదాకా ఆగాలి. పొలుసులు ఎంత బాగా నిలబడితే శిలాజానికి అంత విలువ. నేను ఆ మాటలు మనసులో రాసుకున్నాను. మా ఆయన కార్డు మాట రాసుకున్నారు.

జీపు వెళ్ళాక ఆయన మీసం దువ్వుకున్నారు.

“ఇంత చేపకు సూది, బ్రష్షు, ఆరు వారాలు. చేప కడుగుడు ఏమన్న బ్రహ్మవిద్యనా?”

“ఎన్నడన్న కడిగి ఉంటే మీకే తెలుస్తుండె,” అన్నాను.

“నేను తలుచుకోలే గని, తలుచుకుంటే రాతి చేపనే కడుగుత.”

“కడగండ్రి.”

“సార్ వచ్చేలోపల తల నుంచి తోక దాక నేనే బయటికి తీస్త. తీసిననంటే, చేప కడుగుడు కష్టమని నువ్వు జిందగీల నోరు తెరవొద్దు.”

“తీయకపోతే?”

“ఆదివారం చేప నేనే కడుగుత.”

“ఎన్ని ఆదివారాలు?”

“అన్ని,” అన్నారు మా ఆయన, భూమి రిజిస్ట్రేషన్ కాగితం మీద వేలిముద్ర వేసినంత ధీమాగా. సాక్షి అత్తమ్మ. ఆమె తమలపాకు నములుతూ ఇద్దరి వైపూ తల ఊపింది.

మర్నాడే ఆయన సుత్తి, ఉలి తీసి వెనక వరండాలో కూర్చున్నారు. మొదటి దెబ్బకు రాయికి ఏమీ కాలేదు. రెండో దెబ్బకు ఆయన బొటనవేలికి అయింది. మూడో దెబ్బకు తోక కొస ఎగిరి కోళ్ళగూడు కిందికి పోయింది. కోడి దాన్ని మింగకముందే యాదగిరి పట్టుకొచ్చాడు. మా ఆయన దాన్ని సైకిలు ట్యూబుకు వాడే సొల్యూషన్‌తో అతికించారు, తలకిందులుగా. ఆ సాయంత్రం ఆ చేపను చూస్తే, వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేక వెనక్కి తిరిగినట్టుంది.

తర్వాత ఆయనకు ఎవరో సున్నపురాయి పులుపుకు కరుగుతుందని చెప్పారు. బాత్రూం ఆసిడ్ డబ్బాతో వరండాలోకి నడుస్తుంటే చూసి లాక్కున్నాను. అది రాయితోపాటు చేపనూ తింటుంది, మీ వేళ్ళనూ తింటుంది అని చెప్పాను. అయితే ఇంట్లో పులుపు ఇంకేముందని వెతికి, ఏడాదికని నేను గింజ తీసి, ఉప్పు కలిపి, కుండలో దాచిన కొత్త చింతపండు సగం నానబెట్టి, ఆ రసంలో పలకను ముంచారు. “ఫికర్ చెయ్యకు, మెల్లగ కరుగుతది,” అని చెప్పి మొయినాబాద్‌లో హోటల్‌కు చాయ్ తాగడానికి వెళ్ళిపోయారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను బి.ఎస్సీ. చదివాను, జంతుశాస్త్రం. ప్రాక్టికల్ పరీక్షలో బొద్దింక లాలాజల గ్రంథుల్ని ఒక్క పోగు తెగకుండా బయటికి తీసి, నల్ల కాగితం మీద పరిచి పెట్టినదాన్ని. పెళ్ళయ్యాక ఆ చేతితో చేసిన అతి సూక్ష్మమైన పని బియ్యంలో రాళ్ళు ఏరడం. పందెం గుర్తులేక కాదు. ఆ పలక అట్లా చింతపండులో మునిగి, తోక తలకిందులుగా పెట్టుకుని పడుంటే, చాటలో సగం ఏరి వదిలేసిన బియ్యం చూసినట్టు నాకు పొద్దంతా చేతులు ఊరుకోలేదు.

రెండు గంటలకు పలకను తీసి మంచినీళ్ళలో నాలుగుసార్లు కడిగాను. చీర ఫాల్ కుట్టే సూదిని ఖాళీ పెన్నులో బిగించాను. ప్రవళిక చిన్నప్పటి భూతద్దం దొరికింది. దుమ్ము దులపడానికి మా ఆయన గడ్డం గీసుకునే పాత బ్రష్షు తీసుకున్నాను. తోక కొసను వేడినీళ్ళతో ఊడదీసి సరిగ్గా అతికించాను. నాలుగు గంటలయ్యేసరికి తోక మొదట్లో గోరంత మేర ఐదు పొలుసులు బయటపడ్డాయి. మెరిసే గోధుమరంగు, ఒకదాని అంచు మీద ఒకటి, మా పెంకుటింటి కప్పులాగా. పలకను మళ్ళీ చింతపండులో పెట్టి, చాయ్ పెట్టుకున్నాను.

సాయంత్రం మా ఆయన కేక విని అత్తమ్మ పాలగిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

“చూసినవా? ఐదు గజాలు కరిగింది,” అన్నారు. గోరంతే అని నేను సర్దిచెప్పాను.

అట్లా రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు నా పని, సాయంత్రం ఐదుకు ఆయన ఆనందం. పులుపు చేపను తినకుండా నేను చింతపండు బదులు ఉత్త నీళ్ళలో కాస్త బెల్లం కలిపి రంగు తెచ్చి పెట్టాను, ఆయన దాన్నే వేలితో కలిపి, రసం చిక్కబడిందని తృప్తిపడేవారు. హోటల్లో కథ పాకింది. ప్లాట్ల బ్రోకరు నర్సింహ, సురంగల్ దగ్గర పక్కవాడి హద్దురాయి ఒకటి తన వైపు వాలి ఉందని, దాన్ని కరిగించడానికి రెండు కిలోల చింతపండు అడిగి తీసుకెళ్ళాడు. రాయి కరగలేదు గానీ చీమలన్నీ అక్కడికి చేరి, పక్కవాడు చీమల భయానికి కంచె తనంతట తానే వెనక్కి జరుపుకున్నాడు. దానితో మా ఆయన కీర్తి ఇంకో నాలుగు ఊళ్ళు దాటింది.

ఐదో వారంలో కన్ను బయటపడింది. కంటి చుట్టూ ఎముక ఉంగరం, గింజంత గుంట. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆరు కోట్ల ఏళ్ళ తర్వాత అది మొదట చూసిన మొహం నాది. నేను సూది పక్కన పెట్టేశాను. ఆ రోజు చాయ్ కూడా తాగలేదు.

సార్ వచ్చే ఆదివారానికి ముందు శనివారం నేను చేవెళ్లలో ఒక సీమంతానికి వెళ్ళాను. చేప మొత్తం బయటికి వచ్చి, ఒక్క పొలుసు కూడా రాలకుండా తయారుగా ఉంది. మా ఆయన దాన్ని వరండాలో స్టూలు మీద పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించి అలసిపోయి నిద్రపోయారట.

నాలుగు గంటలకు తిరిగొచ్చి గేటు తీస్తే, వరండాలోంచి గర్ గర్ మని చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడు. పందొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న చప్పుడే.

అత్తమ్మ కొబ్బరిపీచుతో, బూడిదతో, కళ్ళుప్పుతో చేపను రుద్దుతోంది.

“కొడుకు ఇంత కష్టపడి తలకాయ, రెక్కలు అన్ని తీసిండు, పొలుసు తీసుడు మరిచిండమ్మా,” అంది నన్ను చూసి. “రేపు పెద్దసారు వస్తుండు. పొలుసుతోని చూపిస్తె మన ఇజ్జత్ ఏం కావాలె? జర చెయ్యెయ్యి. ముదురు చేప, ఎంత రుద్దినా ఊడుతలేదు.”

ఊడింది. తోక నుంచి నడుము దాకా సగం చేప నున్నగా, వెన్నెముక బయటపడి, పేల దువ్వెనలా ఉంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పితో కింద కూర్చుని, ఇంటి పరువు కోసం గంటసేపు రుద్దింది. ఏమంటాను? పీచు మెల్లగా చేతిలోంచి తీసుకుని, ఇక చాలు అత్తమ్మా, బాగొచ్చింది అన్నాను.

మా ఆయన లేచి వచ్చి చూసి స్తంభానికి ఆనుకున్నారు. ముందు ఆయన నోటినుంచి వచ్చిన మాట చేప గురించి కాదు.

“పందెం పాయె,” అన్నారు. “నేనే తీస్తనంటి. ఇప్పుడు అమ్మ చెయ్యి పడె.”

పొద్దుగూకేలోపు నేను ఊడబోతున్న పొలుసులకు జిగురు చుక్కలు వేసి, బూడిదంతా బ్రష్షుతో దులిపి, సగం పొలుసు, సగం ముల్లుగా ఉన్న చేపను ఆరబెట్టాను. మా ఆయన పక్కన నిలబడి, చింతపండులో ఇంకోసారి ముంచితే పొలుసు మళ్ళీ వస్తుందేమో అని అడిగారు. నేను ఇంట్లోకి వెళ్ళి యాదగిరికి ఫోన్ చేసి, రేపు సార్‌కు ఇక్కడే భోజనం, ఐదు కిలోలకు తగ్గకుండా మంచి బొచ్చె చూసి తెమ్మని చెప్పాను.

ఆదివారం పదకొండుకు బండల సార్ వచ్చారు. అద్దం కంటికి పెట్టి తల నుంచి మొదలుపెట్టారు. కన్ను దగ్గర ఆగారు. దవడ దగ్గర ఆగారు. నడుము దగ్గర చాలాసేపు ఆగారు. మా ఆయన ఊపిరి ఎక్కడ ఆగిందో నాకు తెలీదు.

“ఇది ఎవరు చేశారు?” అన్నారు సార్.

“నేనే సార్,” అన్నారు మా ఆయన.

“దేనితో?”

“చింతపండుతోని సార్.”

సార్ మళ్ళీ అద్దం పెట్టి చూశారు. చింతపండుకు ఇంత సన్నటి గీతలు పడవే అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. తర్వాత నడుము చూపించారు. మామూలుగా ఇంత మంచి పొలుసుల్ని తీయడానికి తమకే ధైర్యం చాలదనీ, పోయినవి పోయాయనీ, కానీ ఒకే చేపలో సగం పొలుసు, సగం వెన్నెముక కనబడడం తన విద్యార్థులకు మంచి పాఠమే అవుతుందనీ చెప్పి, ఈ పొలుసు తీసిందెవరు అని అడిగారు.

మా ఆయన ఒకసారి నన్ను చూశారు. ఒకసారి ఆకాశం చూశారు. వేరేవాళ్ళ చెయ్యి పడిందంటే పందెం పోతుంది, కార్డు పోతుంది.

“గది కూడ నేనే సార్. లోపలి ముల్లు కనవడాలెనని, కావాలెనే తీసిన.”

నేను తలుపు పక్కన నిలబడి నోరు తెరవలేదు. షరతు అదే కదా. సార్ జేబులోంచి కార్డు తీసి, గోవర్ధన్, ముడిమ్యాల అని రాశారు. మా ఆయన మొహం రెండు వందల గజాలు అయింది.

అప్పుడే యాదగిరి సంచితో వచ్చాడు. సంచిలో బొచ్చె ఒక్కసారి తోక కొట్టింది. అత్తమ్మ ఇంతసేపూ గడప మీద కూర్చుని మాటలన్నీ వింటోంది. చేపను చూసింది, కొడుకును చూసింది.

“పొలుసు తీసుడు నీకొస్తదా కొడకా?” అంది. “నలభై ఐదేండ్లు నాకు ఒక్కనాడన్న చెప్పకపోతివి. నా మోకాళ్ళు గిట్ల అరిగిపాయె.”

నేను పీట వేశాను. కత్తిపీట పెట్టాను. పళ్ళెంలో బూడిద, ఉప్పు తెచ్చి పక్కన పెట్టాను. చేపను పీట ముందు పెట్టి, చేతులు తుడుచుకుని పక్కకు జరిగాను. సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. రాతి చేపకు ఇంత పని చేసిన చెయ్యి ఎట్లా కదులుతుందో చూడాలని ఉందన్నారు, నిజంగానే ఆసక్తిగా.

మా ఆయన కూర్చున్నారు. కార్డు సార్ చేతిలో ఉంది, కత్తిపీట ఎదురుగా ఉంది, ఇంక దారి లేదు. చేపను తలకాయ పట్టుకుని, తల నుంచి తోక వైపు గీకడం మొదలుపెట్టారు. పొలుసు వాలు ఎటు ఉందో అటే గీకితే ఒక్కటీ ఊడదు. గట్టిగా నొక్కారు. చేప చేతిలోంచి జారి, బూడిదలో ఒక పొర్లు పొర్లి, సార్ బూట్ల మీద వాలింది. యాదగిరి తెచ్చిచ్చాడు. రెండోసారి అది తులసి గద్దె దాకా వెళ్ళింది.

“తోక నుంచి తలకు, కొడకా,” అంది అత్తమ్మ నీరసంగా.

సార్ కాసేపు చూశారు. తర్వాత రాతి చేప మీద సూది గీతల్ని చూశారు. అవి పొలుసు అంచు వెంబడి ఎక్కడా తప్పకుండా వెళ్ళాయి. ఆయన లేచి, కార్డు మీద ఒక గీత గీసి, నా దగ్గరికి వచ్చారు.

“అమ్మా, మీ పేరు?”

“రుక్మిణి,” అన్నాను. “తోక నుంచి నడుము వరకు మా అత్తమ్మది. ఆమె పేరు ఎంకమ్మ. అది కూడా రాయండి,” అన్నాను.

పీట మీద నుంచి మా ఆయన తలెత్తారు. మీసం మీద పొలుసొకటి మెరుస్తోంది.

“అంటె… చింతపండు కాదా?”

“బెల్లం నీళ్ళు,” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. అంత ఆలోచించడం నేను భూమి అమ్మేటప్పుడు కూడా చూడలేదు. చివరికి సార్ వైపు తిరిగి, మరి నా పేరు అని చాలా చిన్నగా అడిగారు. సార్ మంచివారు. కార్డు కింది అంచున, దొరికిన చోటు: గోవర్ధన్ గారి బావి అని రాశారు. మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ చదవొచ్చు, కొంచెం వంగితే.

ఆ రోజు పులుసు మూడు గంటలకు అయింది. ముక్కకు రెండు పొలుసుల చొప్పున వచ్చాయి. మేమంతా వాటిని ఏరి పక్కన పడేశాం. సార్ మాత్రం ప్రతి పొలుసునూ నోట్లోంచి తీసి, అలవాటు ప్రకారం వెలుతురుకు పెట్టి చూసి, పళ్ళెం అంచున వరుసగా పేర్చారు.

మా ఆయన మాట తప్పే మనిషి కాదు. అన్ని ఆదివారాలన్నారు, అన్ని ఆదివారాలూ ఆయనే కడుగుతున్నారు. కాకపోతే మరుసటి వారం నుంచి మా ఇంటికి బొచ్చెలు, రవ్వలు రావడం మానేశాయి. వాలుగే వస్తోంది. వాలుగ ఒంటికి మంచిదని, కళ్ళకు ఇంకా మంచిదని చెబుతున్నారు. వాలుగకు పొలుసు ఉండదు.

మొదటిసారి తెచ్చిన రోజు ఆయన దాన్ని గట్టు మీద పెట్టి, పేపరు కోసం అరుగు వైపు రెండు అడుగులు వేశారు కూడా. అత్తమ్మ వెనకనుంచి చొక్కా పట్టి ఆపింది.

“వాలుగకు జిగట ఉంటది కొడకా. పోయేదాక మూడు నీళ్ళు పడుతయి,” అంటూ బూడిద చిప్ప ఆయన చేతిలో పెట్టింది.

పేపరు అరుగు మీదే ఉంది. నేను తీసుకున్నాను.